కొండగుర్తు

ఈ నగరంలో ఇంటి నంబరు చెబితే ఎవరూ రాలేరు.
ఇరానీ హోటల్ దాటాక, కుట్టుమిషన్ల షట్టరు పక్క సందు,
నీలం గేటు – అట్లా చెప్పాలి.
మార్కర్ అంటే ఏందని బుగ్గమ్మ అడిగితే
నేను అదే చెప్పాను.
జన్యువు కంటికి ఆనదు,
దాని పక్కనున్న హోటల్ ఆనుతుంది.
ఆమె కత్తెర ఒళ్ళో పెట్టుకుని నవ్వింది:
"కొండగుర్తు అని చెప్పరాదు మరి!"

రాజేంద్రనగర్. పొద్దున్న ఏడు.
ఆరాంఘర్ వైపు నుంచి బస్సుల హారన్లు.
జాలీ గదిలో, కుండీల నడుమ,
పీట మీద కూర్చుని బుగ్గమ్మ
విచ్చుకోని వరి పువ్వు కొస కత్తిరిస్తుంది.
పట్టకారుతో లోపలి కేసరాలు తీస్తుంది.
ఒకటి, రెండు, మూడు...
ఆరూ రావాలి.
ఒక్కటి మిగిలినా పువ్వు తనను తానే మనువాడుతుంది,
మన ఆర్నెల్ల కష్టం గంగలో కలుస్తుంది.
అరవై దాటిన వేళ్ళు. కళ్ళద్దాలు లేవు.

పదిన్నరకు ఎండ ముదిరాక
మగ వెన్ను తెచ్చి మీద విదిలిస్తాం.
కనీకనబడని పసుపు.
వెంటనే బటర్ పేపరు తొడుగు, చీటీ, తేదీ.
పెన్సిలే వాడాలి –
వానకు పెన్ను పారిపోతుంది.

తల్లి సన్నబియ్యం. నగరం కంచంలో ఉండేది అదే.
తండ్రి ముతక గింజ, ఉడికితే ముద్ద,
కానీ ఎండాకు తెగులు వచ్చి
దాని గడప దగ్గర చతికిలబడుతుంది.
మాకు ఆ ఒక్క మొండితనం చాలు.
అందుకే పుట్టిన పిల్లను మళ్ళీ తల్లికే కలుపుతాం,
దాని పిల్లను మళ్ళీ తల్లికే –
అల్లుడి పేరు ఇంట్లో ఎవరికీ గుర్తు లేనంత దాకా,
ఆయన మొండితనం మాత్రం మిగిలేంత దాకా.

ఆకుముక్కలు ఐసుపెట్టెలో ల్యాబుకు వస్తాయి.
రాత్రి తొమ్మిదికి చీకటి గదిలో
జెల్ కింద దీపం వేస్తే
నారింజ గీతలు, తడిసిన అగ్గిపుల్లల్లా.
నూట పద్దెనిమిదో మొక్క:
గీత ఉంది. ఉండాల్సిన చోటే ఉంది.
ఆ నంబరు మణికట్టు మీద రాసుకుని
ఇంటికి వెళ్ళి అన్నం తినేటప్పుడు చూసుకున్నాను.

తరువాత పరీక్ష.
తెగులు నీళ్ళలో కత్తెర ముంచి
ఆకు కొసలు కోసి పద్నాలుగు రోజులు ఆగాం.
నూట పదిహేడుకు వేలి కణుపంత మచ్చ.
నూట పంతొమ్మిదికి అంత కూడా లేదు.
నూట పద్దెనిమిదికి
అంచు వెంబడి అలలు అలలుగా గడ్డిరంగు,
జానెడు దాటి ఇంకా దిగుతోంది.
స్కేలు రెండుసార్లు పెట్టాను.
జెల్ మళ్ళీ నడిపాను.
గీత అక్కడే ఉంది, మేకు కొట్టినట్టు.

గుర్తుకూ గుణానికీ నడుమ
తాడు ఎక్కడో తెగింది. తరాలు కలిసేచోట అలా జరుగుతుంది,
పుస్తకంలో దానికి శాతం కూడా ఉంది.
ఆ శాతం బుగ్గమ్మకు ఎట్లా చెప్పాలో తోచక నిలబడ్డాను.

ఆమె ఆకును వెనక్కీ ముందుకీ తిప్పింది.
"బండ్లగూడల మా ఇల్లు గుట్ట పక్కన ఉండె.
బుగ్గమ్మ గుట్ట అంటే ఆటోలోల్లకు తెలుసు.
రోడ్డు ఎడల్పు చేసిన్రు.
గుట్ట అట్లనే ఉంది.
ఇల్లే లేదు.
ఇప్పటికి ఆటోల ఎక్కి ఆ పేరు చెప్తే
ఆడనే దించుతరు."

అని, నూట పద్దెనిమిదిని వేళ్ళతో సహా పీకి
కాల్చేవాటి గోనెలో వేసింది.
చీటీ మాత్రం విప్పి నా చేతిలో పెట్టింది,
"రాసుకో" అంది.

రాసుకున్నాను. జన్యువుకు ఇంకా దగ్గరి మార్కర్ కావాలని,
వీలైతే జన్యువు ఒంటి మీదదే కావాలని
ఆర్డరు కాగితం నింపాను.
సంతకాలకు మూడు వారాలు.

సాయంత్రం చినుకులు.
స్కూటీ మీద దింపుతానన్నాను.
"ఇప్పుడుండేది ఎక్కడ? పక్కన ఏముంటది?"
బుగ్గమ్మ వెనక ఎక్కి భుజం పట్టుకుంది.
"ఏమీ ఉండదు. నువ్వు నడుపు.
తిరగాల్సిన కాడ నేను చెప్త."